రెండు నోళ్ల ఖరాదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరినీ అన్నానికి పిలిచేవారు కాదు. అమ్మ వండి, గిన్నెల మీద మూతలు పెట్టి, గడప దగ్గర కూర్చునేది. తినవలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే రావాలి. పప్పు చల్లారిపోయినా, జొన్నరొట్టె గట్టిపడినా ఆమె నోటి నుంచి "రండి" అన్న మాట వచ్చేది కాదు. మధ్యాహ్నమైతే చాలు, పక్కింటి అక్క వీధి చివరిదాకా వినిపించేలా తమ్ముళ్లను కేకేసి పిలిచేది. ఆ కేకలు వింటుంటే నాకు ముచ్చటగా ఉండేది. మా ఇంటి పద్ధతే అంత కాబోలు అనుకునేదాన్ని. ఆ పిలవకపోవడం వెనక ఏముందో నాకు తెలిసింది వికారాబాద్‌లో, ఒక పాత ఇనుప మిషను ముందు.

మాది తాండూరు. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. ఆయన ముఖం నాకు గుర్తులేదు. ఆయన చేతుల మీద ఉండే వాసన గుర్తుంది. నూనె, దాని వెనక వేడెక్కిన ఇనుము. ఊరి చివర ఒక ఖరాదు షెడ్డులో పనిచేసేవాడు. లేతు మిషన్‌ను మా వైపు ఖరాదు అంటారు. పప్పుమిల్లుల ఇరుసులు, మోటారు పంపుల ఇరుసులు అక్కడికే వచ్చేవి. "రుమాలు మిషన్ల పడ్డది" అని మాత్రం ఇంట్లో అనేవారు. అదీ దూరపు చుట్టాలెవరైనా వచ్చి అడిగితేనే. ఆ ఒక్క మాట అన్నాక అందరూ తలోవైపు చూసేవారు. నేను ఆ మాట విన్నప్పుడల్లా ఆ రుమాలు ఏ రంగుదో అని ఆలోచించేదాన్ని. అడగాలని నోటిదాకా వచ్చేది, అడిగేదాన్ని కాదు.

అమ్మ నన్ను బడికి పంపలేదు. నేను కళ్ల ముందు నుంచి కదిలితే ఆమెకు గుండె దడ. రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి పింఛను తీసుకుంటున్న మా తాతయ్యే నాకు చదువు చెప్పాడు. మా ఇంట్లో నేలంతా మా ఊరి బండలే కదా, ఆ నల్లటి బండల మీద సుద్దముక్కతో అక్షరాలు రాయించేవాడు. తప్పు రాస్తే కోప్పడకుండా తడిగుడ్డ చేతికిచ్చేవాడు. ఈ నాలుగు ముక్కలు ఇవాళ రాయగలుగుతున్నానంటే ఆ చల్లని బండలకూ, వాటి మీద నాతోపాటు మోకాళ్లు నొప్పి పెట్టేలా కూర్చున్న ఆ మనిషికీ నేను రుణపడి ఉన్నాను.

మా చిన్నాయన అప్పటికి మీసాలు వస్తున్న వయసు. చేతిలో పనితనం ఉంది, నాన్న దగ్గరే కొంత నేర్చుకున్నాడు. ఒకరోజు ఆ షెడ్డువాళ్లే కబురు పెట్టారు, అన్న చేసిన చోట తమ్ముడు చేయవచ్చు కదా అని. మంచితనంతోనే పిలిచారు. చిన్నాయనకు కూడా వెళ్లాలనే ఉంది. ఆ పూట అమ్మ పొయ్యి వెలిగించింది కానీ దాని మీద ఏమీ పెట్టలేదు. ఊరికే మంట చూస్తూ కూర్చుంది. తాతయ్య అది చూశాడు.

"పనిచేస్తె ఇంట్లనే చేస్తడు. నా కండ్ల ముంగట చేస్తడు" అన్నాడు.

అలా ఇంట్లో మిషను పెట్టాలన్న ఆలోచన పుట్టింది. ఊళ్లోకి కరెంటు వచ్చిన కొత్త రోజులవి. మా పెరట్లో గొడ్లు లేని పాత కొట్టం ఒకటి ఉంది. అందులో ఒకటే మిషను పడుతుంది. అయితే ఒక్క ఖరాదుతో పని పూర్తికాదు. ఖరాదు ఇరుసును గుండ్రంగా చెక్కుతుంది అంతే. ఆ ఇరుసు మీద చక్రం జారకుండా ఒక చిన్న చావి బిగించాలి, ఆ చావికి గాడి తీయాలి. గాడి తీసే మిషను వేరు, దానికోసం ఇరుసును రైలెక్కించి హైదరాబాద్ పంపేవారు. రెండు పనులూ ఒక్కటే చేసే సీమదేశపు మిషను వికారాబాద్‌లో ఒక సాహెబు దగ్గర ఉందని, ఆయన అమ్ముతున్నాడని తాతయ్యకు ఎవరో చెప్పారు. దానికి కింద ఒక నోరు, పైన ఒక నోరు. కింది నోట్లో ఇనుము బిగిస్తే ఇనుము తిరుగుతుంది, కత్తి నిలబడి ఉంటుంది. పై నోట్లో కత్తి బిగిస్తే కత్తి తిరుగుతుంది, ఇనుము నిలబడి ఉంటుంది. తాతయ్య ఇదంతా బండల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి మాకు చూపించాడు.

అమ్మ మామగారి ఎదుటికి వచ్చి మాట్లాడేది కాదు. తలుపు వెనక నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని మాట్లాడేది. ఆ రోజు తలుపు వెనక నుంచి, "ఒక్క నోరున్నదే ఇంటి మనిషిని మింగింది. గిప్పుడు రెండు నోర్లదాన్ని తెస్తరా మామా?" అంది.

తాతయ్య గీసిన బొమ్మను తడిగుడ్డతో తుడిచేశాడు. కానీ బండ ఆరాక ఆ గీతలు లీలగా కనబడుతూనే ఉన్నాయి. నేను వాటి మీద కాలు పెట్టకుండా తప్పుకుని నడిచేదాన్ని.

చిన్నాయనకు వేరే ఆశ ఉంది. మా వీధి చివర మూతపడిన మిల్లులో పెద్ద ఖరాదు ఒకటి అమ్మకానికి ఉంది. బరువైనది, పొడుగైనది. "రెండు పనులు చేసేదాంట్ల ఏ పనికీ బలముండదు నాయినా. దీని మీద ఎంత లావు ఇరుసైనా పడ్తది" అని పోరాడాడు. సరే చూద్దామని తాతయ్య వెళ్లాడు, నేను ఆయన వేలు పట్టుకుని వెళ్లాను. పైకప్పు కింద ఒక పెద్ద ఇరుసు, దాని నుంచి తోలు పట్టా కిందికి దిగి మిషన్ను తిప్పుతుంది. తాతయ్య మిషను పడక మీద, అంటే కత్తి జారే ఇనుప దిమ్మె మీద, గోరుతో గీసి చూశాడు, పిడులు అటూ ఇటూ తిప్పి చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. చివరికి తిప్పమన్నాడు, ఆపమన్నాడు. పట్టా పక్కకు జరిపారు. ఆయన కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. నారాయణ, నారాయణ, నారాయణ. మిషను ఊఁ అంటూ, ఎవరో మూలుగుతున్నట్టు తిరుగుతూనే ఉంది. ఆ నామం ఆయన నోట్లో ఎంతసేపు తిరిగిందో. అది ఆగాక కళ్లు తెరిచి, "వద్దురా" అన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేదు. మిషన్ల ముందు కూడా జపం చేసేంత భక్తి మా తాతయ్యకు అని నేను అనుకున్నాను.

వికారాబాద్ వెళ్లేరోజు అమ్మ కూడా వస్తానంది. ముందు అనంతగిరి పద్మనాభస్వామి దర్శనం, ఆ తర్వాతే మిషను అని ఆమె షరతు. పొద్దున్నే తాండూరు స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా తాతయ్య చిన్నాయనను దగ్గరకు పిలిచి, కూర్చోబెట్టి, తన చేతులతో అతని తలకు రుమాలు చుట్టాడు. చుట్టి, వెనక ముడి వేసి, ముడి మీద ముడి వేసి, కొసలు లోపలికి దోపాడు.

"ఏంది నాయినా, పెండ్లికొడుకును చేస్తున్నవా?" అన్నాడు చిన్నాయన, నుదురు బిగుసుకుపోతుంటే.

"అవును, పిల్ల వికారాబాద్‌ల ఉన్నది, జర సల్లగ కూసో" అన్నాడు తాతయ్య. అందరం నవ్వాం. తాతయ్య చేతులు మాత్రం ఆ ముడిని మళ్లీ మళ్లీ లాగి చూస్తూనే ఉన్నాయి.

కొండమీద స్వామి ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. పెదవులు కదలలేదు. దర్శనం చేసుకుని జట్కాలో కొండ దిగి, స్టేషను వెనక సాహెబు బంగ్లాకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సాహెబుది తాతయ్య వయసే. ఎప్పుడో సర్కారు కొలువులో ఓవర్సియరుగా చేశాడట. కళ్లకు పొర వచ్చింది, ఇక మిషను మీద కొలత గీత కనబడదని అమ్మేస్తున్నాడు. మమ్మల్నందరినీ, పులిహోర మూటతో సహా తేరిపార చూసి, "అరె, మిషన్ కొననీకె వచ్చిన్రా, ఉర్సు జాతరకు వచ్చిన్రా?" అన్నాడు. లోపలి నుంచి నాకు చాయ్, బిస్కట్టు తెప్పించాడు. ఆ బిస్కట్టును నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఆయనను దేవుడు చల్లగా చూసే ఉంటాడు.

మిషను వరండాను ఆనుకున్న గదిలో ఉంది. నేనూ అమ్మా వరండాలో కూర్చున్నాం. తలుపు తెరిచే ఉంది, అంతా కనబడుతోంది. ముదురాకుపచ్చ రంగు, అక్కడక్కడ పెచ్చులూడిపోయింది. పై నోరు రెక్కలు ముడుచుకున్న పక్షిలా ఒదిగి ఉంది. "రెండు నోర్లే గాని గొంతు ఒక్కటి బీబీ" అని సాహెబు అమ్మవైపు చూడకుండానే, ఆమె కోసమే చెప్పాడు. "మోటరు ఒక్కటి. ఇది తింటుంటె అది తినదు." అమ్మ కొంగు ముఖం మీదికి ఇంకా లాక్కుంది.

తాతయ్య అదే విధంగా గోరుతో గీశాడు, పిడులు తిప్పాడు. తిప్పమన్నాడు, ఆపమన్నాడు. మిషను అడుగున, మనిషి నిలబడేచోట, పొడవునా ఒక ఇనుప పట్టీ ఉంది. సాహెబు దాని మీద చెప్పుకాలు వేసి తొక్కాడు. తాతయ్య కళ్లు మూసుకుని "నారా" అన్నాడో లేదో, మిషను టక్కున ఆగింది. నామం పూర్తికాలేదు. అప్పుడు నాకు అర్థమైంది, తాతయ్య జపం చేయడం లేదు, కొలుస్తున్నాడు.

తాతయ్య చిన్నాయనను ఇనుపకడ్డీ బిగించి చెక్కమన్నాడు. అతను మొదలుపెట్టాక, "చెయ్యి, నేను బయటికి పోయొస్త" అని వరండాలోకి వచ్చి, మమ్మల్ని దాటి మెట్ల దాకా వెళ్లాడు. అక్కడ కాసేపు గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు. ఆయన పెదవులు తెల్లగా ఉన్నాయి. తర్వాత గబగబా వెనక్కి వచ్చి గది తలుపులో నిలబడి, "అరేయ్ చిన్నోడా!" అని పెద్దగా పిలిచాడు.

మా వైపు పెద్దవాళ్లు ఎదురుపడితే తలకు చుట్టిన రుమాలు దించి భుజం మీద వేసుకోవడం మర్యాద. ఎవరూ నేర్పనక్కర్లేదు, చేయి దానంతటదే వెళుతుంది. చిన్నాయన తలెత్తాడు. తండ్రిని చూశాడు. చేయి పిడి వదిలేసి తలమీదికి వెళ్లింది, రుమాలు పట్టుకుని ముందుకు లాగింది. మిషను అతని గడ్డం కింద గిర్రున తిరుగుతూనే ఉంది. రుమాలు రాలేదు. ముడి మీద ముడి ఉంది కదా. మళ్లీ లాగాడు. రాలేదు.

తాతయ్య తలుపు చట్రం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. "గట్లనే తీసిండు" అన్నాడు. "గట్లనే. అచ్చం గట్లనే తీసిండు మీ అన్న."

సాహెబు పట్టీ తొక్కాడు. మిషను ఆగింది.

అప్పటిదాకా తాతయ్య గుండెలో పెట్టుకుని మోసింది ఆ గడపలో బయటపడింది. నాన్న పోయిన రోజు మధ్యాహ్నం ఆయన ఆ షెడ్డుకు వెళ్లాడు. తలుపులో నిలబడి కొడుకును పిలిచాడు. కొడుకు తండ్రిని చూసి, నవ్వి, మర్యాదగా రుమాలు దించాడు. దాని కొస వేలాడి, తిరిగే ఇనుములో చిక్కింది. పట్టా జరిపేవాళ్లు జరిపారు, కానీ మిషను వెంటనే ఆగలేదు, దానికి పట్టేంతసేపు పట్టింది. "తండ్రి వచ్చిండని దించిండు. నేను పోకపోతె నెత్తిమీదనే ఉండు గద ఆ రుమాలు. నేను పిల్వకపోతె ఉండు గద" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా తాతయ్య ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

నా పక్కన కూర్చున్న అమ్మ లేచింది. ఆమె మామగారి ముందుకు వెళ్లి నిలబడడం కూడా నేను అదే మొదటిసారి చూడడం. కొంగు తలమీది నుంచి జారిపోయింది, ఆమె సర్దుకోలేదు.

"మీరు ఊకెనే పోయిన్రా మామా? అన్నం సల్లారుతున్నది, పిల్సుకరాపోండ్రి అని మిమ్మల్ని తోలింది నేను గద" అంది.

తాతయ్య తలెత్తి ఆమెను చూశాడు. ఒకే ఇంట్లో, ఒకే పప్పుగిన్నె ముందు కూర్చుని, ఇన్నేళ్లూ ఎవరికి వారు తామే ఆ చావును ఇంటికి పిలిచామనుకుంటూ బతికారు వాళ్లిద్దరూ. ఒకరికొకరు చెప్పుకోలేదు. నాకు మూతలు పెట్టిన గిన్నెలు గుర్తొచ్చాయి. అమ్మ గడప దగ్గర కూర్చోవడం గుర్తొచ్చింది. 

అమ్మ కొంగు నడుముకు గట్టిగా చుట్టి దోపుకుంది. "తిప్పండ్రి" అంది సాహెబుతో. ఆయన ఏమీ అడగకుండా మిషను నడిపాడు. ఆమె దాని దగ్గరకు వెళ్లి, తిరుగుతున్న ఆ నోటిని కాసేపు చూసింది. దాన్ని ఏదో అడుగుతున్నట్టు చూసింది. తర్వాత మట్టెల పాదం ఎత్తి, కాదు, మట్టెలు లేని పాదం ఎత్తి, ఆ పట్టీ మీద వేసింది. నా చేతిలోని కలం మట్టెలు ఉన్నట్టే రాసింది. అప్పుడు కూడా నా కళ్లకు అలాగే కనబడింది. మిషను ఆగింది.

"నేను తొక్కినా ఆగుతున్నది" అంది.

ఆ తర్వాత సాహెబు గదిలో జరిగిన పాఠం ఏ బడిలోనూ చెప్పరు. చిన్నాయన మిషను నడుపుతుంటే తాతయ్య తలుపులోకి వచ్చి పిలిచేవాడు. చిన్నాయన చేయి తలమీదికి పోబోయేది, ఆగేది. తాతయ్య మళ్లీ బయటికి వెళ్లి మళ్లీ వచ్చేవాడు. ముందు కాలు పట్టీ మీదికి వెళ్లాలి. మిషను ఆగాలి. ఆ తర్వాతే తల తిప్పాలి. "నేనే కాదు, దేవుడొచ్చి నిలవడ్డా ముందుగాల కాలే" అన్నాడు తాతయ్య. చెమటతో తడిసిపోయాడు చిన్నాయన. సాహెబు కూడా ఉత్సాహపడి, "తహసీల్దారును వచ్చిన, సలాం కొట్టురా!" అంటూ తలుపులోకి వచ్చాడు. చిన్నాయన కాలే కదిలింది, చేయి కదల్లేదు.

చివర్న అమ్మ వెళ్లి తలుపులో నిలబడింది. తలుపు చట్రం పట్టుకుంది.  ఆ తర్వాత చిన్నగా, ఎన్నో ఏళ్లుగా వాడని పాత్రను బయటికి తీసినట్టు, "అన్నం తిందువు రా" అంది.

చిన్నాయన తల తిప్పలేదు. కాలు పట్టీ మీద పడింది. మిషను ఆగింది. అప్పుడు తిరిగి చూసి, "వస్తున్న వదినె" అన్నాడు.

తాతయ్య సాహెబుతో, "గిదే మాది" అన్నాడు. వరండాలోనే అందరం పులిహోర తిన్నాం, సాహెబు కూడా మాతో తిన్నాడు. చిన్నాయన రుమాలు విప్పబోతే ముడి రాలేదు. తాతయ్య లాగాడు, సాహెబు లాగాడు, రాలేదు. తాండూరు దాకా ఆ పెళ్లికొడుకు తలపాగాతోనే రైల్లో కూర్చున్నాడు. అమ్మ నవ్వింది. కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

మిషను మా కొట్టంలోకి వచ్చింది. దాన్ని తలుపుకు ఎదురుగా పెట్టించాడు తాతయ్య, వచ్చేవాళ్లు ముందే కనబడేలా. తలుపు బయట గోడకు ఒక మేకు కొట్టించాడు. లోపలికి వెళ్లే ప్రతివాళ్లూ రుమాలు, కండువా, శాలువా ఏదున్నా దానికి తగిలించి వెళ్లాలి. అందరికంటే ముందు ఆయనే తన తలపాగా తీసి తగిలించేవాడు. కొడుకు పనిచేస్తున్న చోటికి తండ్రి వట్టి తలతో వెళ్లడం చూసి, వచ్చినవాళ్లు మొదట్లో నొచ్చుకునేవారు. ఆయన పట్టించుకోలేదు.

చిన్నాయన చాలా ఏళ్లు ఆ మిషను మీద పనిచేశాడు, ఒంటి మీద గీత పడకుండా. పద్మనాభస్వామి దయ. కింది నోరు తిరుగుతుంటే పై నోరు ఊరుకునేది. మధ్యాహ్నం అమ్మ కొట్టం తలుపు దగ్గరకు వెళ్లి, మిషను ఆగేదాకా నిలబడి, అప్పుడు అన్నానికి పిలిచేది. చిన్నాయన చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. అయినా అమ్మ వెంటనే కదిలేది కాదు. ఆ ఊరుకున్న నోటివైపు చూస్తూ, లోపల్నించి ఇంకొకరు రావాల్సి ఉన్నట్టు మరికాస్సేపు నిలబడేది. నేనూ ఆమె వెనకే నిలబడేదాన్ని. ఒక్కోసారి నాకూ నూనె వాసన, వేడి ఇనుము వాసన తగిలేది. అది మిషనుదే అని తెలుసు. తెలిసినా అలాగే నిలబడేదాన్ని.

ఆ తరువాత వాళ్లందరూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇప్పుడు వంటింట్లో మనవరాలు మిక్సీ ఆపితే, లోపలి కత్తి నిలబడేదాకా నా పెదవులు నారాయణ అంటూనే ఉంటాయి. పని మీద ఉన్నవాళ్లను నేను వెనక నుంచి పిలవను. అన్నం వడ్డించాక వెళ్లి గడపలో నిలబడతాను. చేతిలో ఉన్నది వాళ్లు దించి పెట్టేదాకా ఆగి, అప్పుడు పిలుస్తాను. అన్నం చల్లారుతుంది. చల్లారనిస్తాను.